గడియారం 43 నిమిషాలు ముందుకెళ్లింది.. నా ‘మ్యాక్’ గుట్టు బయటపడింది!

ఆదివారం రాత్రి. అసైన్‌మెంట్ పంపడానికి గడువు 12 గంటలు. చివరి బటన్ రంగు మార్చి, యాప్‌ని ఇంకోసారి రన్ చేసి, స్క్రీన్ పైన కుడి మూలకు చూశా. టైం 12:23!

ఒళ్లు చల్లబడిపోయింది. పది రోజులు నిద్ర మానుకొని చేసిన పని. ఇరవై మూడు నిమిషాల తేడాతో పోయిందా? ‘మిస్సయిపోయానురా’ అని ఫ్రెండ్‌కి మెసేజ్ పెడదామని ఫోన్ తీశా. ఫోన్‌లో టైం 11:40.

ఏది నిజం? తల తిప్పి గోడ గడియారం చూశా. మాది గడియారాలు బాగుచేసే ఇల్లు. మా గోడ గడియారం తప్పు చెప్పదు. అదీ 11:40 అనే అంటోంది. ఇంకేం ఆలోచించలేదు. ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, వెనక గల్లీలో ఉండే ఫ్రెండ్ ఇంటికి ఉరికా. వాడి ల్యాప్‌టాప్ నుంచి 11:54కి పంపేశా. ఆ తర్వాతే ఊపిరి తీసుకున్నా.

కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. నా కంప్యూటర్ 43 నిమిషాలు ముందుకు ఎందుకు పోయింది? దానికి జవాబు దొరికింది ఏ కంప్యూటర్ నిపుణుడి దగ్గరో కాదు. వరంగల్ చౌరస్తా దగ్గర చిన్న డబ్బాలో, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే మా బాపు దగ్గర.

చిట్టి ఎత్తొద్దన్నా

ఇది 2022 డిసెంబరు నాటి ముచ్చట. నేను అప్పుడు బీటెక్ ఫైనలియర్. హైదరాబాద్‌లోని ఓ చిన్న కంపెనీ ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేశా. వాళ్లు పది రోజులు గడువిచ్చి ఐఫోన్ యాప్ ఒకటి చేసి పంపమన్నారు. కోడ్, యాప్ నడుస్తున్న వీడియో.. రెండూ కావాలి. ఇక్కడే చిక్కు. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ‘ఎక్స్‌కోడ్’ అనే సాఫ్ట్‌వేర్ మ్యాక్ ఓఎస్ మీద తప్ప నడవదు. విండోస్‌లో రాదు, లైనక్స్‌లో రాదు.

ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ మన దేశంలోకి వచ్చినప్పుడే ధర 92,900 రూపాయలు. ఆఫర్లలో కొంత తగ్గినా మా ఇంటి లెక్కలో అది చాలా పెద్ద మాట. ఫోన్‌లో బిగ్ బటన్ చూపిస్తే టైం తెలిసే ఈ రోజుల్లో గడియారం బాగుచేయించుకునేవాళ్లు ఎంతమంది? అయినా బాపు ఒక్కటే అన్నాడు: “చిట్టి ఎత్తుదామా బిడ్డా?”

ఆ చిట్టి దేనికో నాకు తెలుసు. వానాకాలం కురిసే మా వెనక గదికి స్లాబ్ వేయించడానికి. “వద్దు బాపూ, నేను చూసుకుంటా” అన్నా. ఎట్ల చూసుకోవాలో మాత్రం అప్పటికి తెలియదు.

ఓ సీనియర్ అన్న చెవిలో వేశాడు ‘హ్యాకింటాష్’ అనే మాట. హ్యాక్, మెకింటాష్ కలిస్తే హ్యాకింటాష్. మామూలు పీసీ విడిభాగాలతో మనమే బిగించుకున్న కంప్యూటర్ మీద మ్యాక్ ఓఎస్ నడిపించడం అన్నమాట. హన్మకొండలో సెకండ్ హ్యాండ్ సీపీయూ 9,500కి దొరికింది. ఎస్ఎస్‌డీ, అదనపు ర్యామ్ కలిపి ఇంకో 3 వేలు. మానిటర్ పాతదే. మొత్తం 12,500లో సెట్.

ఇదెలా కుదిరిందంటే..

2005 జూన్ నాటికి యాపిల్ కంప్యూటర్లలో పవర్‌పీసీ అనే వేరే రకం ప్రాసెసర్లుండేవి. ఆ నెలలో స్టీవ్ జాబ్స్ ‘ఇక ఇంటెల్‌కి మారుతున్నాం’ అని ప్రకటించారు. 2006 జనవరిలో మొదటి ఇంటెల్ మ్యాక్‌లు వచ్చేశాయి. అంటే మన పీసీలో ఉండే చిప్, మ్యాక్‌లో ఉండే చిప్ ఒకే జాతివి అయిపోయాయి. చిప్ ఒకటే అయినప్పుడు సాఫ్ట్‌వేర్ ఎందుకు నడవదు? ప్రపంచవ్యాప్తంగా కుర్రాళ్లు ఈ ప్రశ్న పట్టుకున్నారు. మ్యాక్ ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్ సోర్స్ కోడ్‌ని యాపిల్ బయటికి విడుదల చేస్తుంది కాబట్టి, అది చదివి దారులు వెతికారు. ఛామిలియన్, తర్వాత క్లోవర్, ఆ తర్వాత ఓపెన్‌కోర్.. ఇలా బూట్‌లోడర్లు పుట్టుకొచ్చాయి.

బూట్‌లోడర్ చేసే పని సింపుల్‌గా చెప్పాలంటే దుబాసీ పని. మ్యాక్ ఓఎస్ లేవగానే కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ‘నేను ఏ మోడల్ మీద ఉన్నా? ప్రాసెసర్ స్పీడ్ ఎంత? బస్ స్పీడ్ ఎంత?’ అసలు మ్యాక్‌లో వీటికి జవాబులు యాపిల్ ఫర్మ్‌వేరే చెప్పేస్తుంది. మన పీసీలో చెప్పేవాడు లేడు. ఆ జవాబులు బూట్‌లోడర్ చెబుతుంది. అది తప్పు చెప్పిందో.. నాకు అయినట్టే అవుతుంది.

ఒక్క లైన్ దగ్గర మూడు రాత్రులు

నా మెషీన్‌లో ఇంటెల్ కోర్ ఐ5-4460. నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్. ఓపెన్‌కోర్ పెట్టి, మ్యాక్ ఓఎస్ మాంటెరే ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేశా. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పరుగెత్తి ‘ఎగ్జిట్ బీఎస్ స్టార్ట్’ అనే లైన్ దగ్గర టక్కున ఆగాయి. అంతే. కదల్దు, మెదల్దు.

మళ్లీ ఆన్. మళ్లీ అక్కడే. మూడు రాత్రులు ఇదే. పది రోజుల గడువులో మూడు రోజులు హాంఫట్. బాపు నిద్రలేచి “ఇంకా పండుకోలేదారా?” అంటే “అయిపోయింది బాపూ, ఐదు నిమిషాలు” అనడం. చిట్టి వద్దన్న మొనగాణ్ని నేనే కదా మరి!

ఆ లైన్ అర్థం ఏంటంటే, బూట్‌లోడర్ తన పని ముగించి పగ్గాలు కెర్నల్ చేతికి ఇస్తోంది. అక్కడ ఆగిందంటే కెర్నల్ మొదటి అడుగులోనే తడబడ్డట్టు. దానికి కారణాలు చాలానే ఉంటాయి. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే నా కేసులో దొరికింది ప్రాసెసర్ స్పీడ్, పవర్ వ్యవహారం.

ప్రాసెసర్ ఎప్పుడూ ఒకే స్పీడ్‌లో ఉండదు. పని ఉంటే ఉరుకుతుంది, లేకుంటే నెమ్మదిస్తుంది, అసలే పని లేకుంటే కునుకు తీస్తుంది. ఎంత గాఢంగా నిద్రపోవచ్చో నిర్ణయించే రిజిస్టర్ ఒకటి చిప్ లోపల ఉంటుంది. దాని నంబరు ‘ఈ2’. మ్యాక్ ఓఎస్ లేవగానే అందులో తన లెక్కలు రాయాలని చూస్తుంది. అసలు మ్యాక్‌లలో దానికి తాళం ఉండదు. మామూలు పీసీ మదర్‌బోర్డుల్లో చాలావాటికి బయోస్ తాళం వేసేస్తుంది. దాన్నే ‘సీఎఫ్‌జీ లాక్’ అంటారు. తాళం వేసిన చోట రాయబోయిన కెర్నల్ అక్కడే కుప్పకూలుతుంది. విండోస్‌కి ఈ తాళంతో పేచీ లేదు కాబట్టి మామూలుగా మనకు దాని ఊసే తెలియదు.

బయోస్‌లో ఆ తాళం తీసే ఆప్షన్ ఉంటే తీసేయొచ్చు. నా బోర్డులో లేదు. రెండో దారి, ఓపెన్‌కోర్‌లోనే ఓ సెట్టింగ్. ‘ఎక్స్‌సీపీఎం సీఎఫ్‌జీ లాక్’ దగ్గర ‘నో’ని ‘యెస్’ చేస్తే, కెర్నల్ ఆ రిజిస్టర్ జోలికి పోకుండా చూసుకుంటుంది. ఒకే ఒక్క మాట మార్చా. ఆన్ చేశా.

ఆ లైన్ దాటింది! తెర మీద యాపిల్ బొమ్మ, కింద నెమ్మదిగా నిండుతున్న గీత. అర్ధరాత్రి రెండింటికి మా గల్లీ కుక్కలు మొరిగేంత గట్టిగా అరిచా.

తొందరలో చేసిన తప్పు

లాక్ సంగతి తేలాక సొంతంగా మిగతా సెట్టింగ్‌లు చేసుకునే ఓపిక లేదు. ఇలాంటి ప్రాసెసర్‌కే ఎవరో సిద్ధం చేసి పెట్టిన సెట్టింగ్‌ల ఫైల్ దొరికితే మక్కీకి మక్కీ దింపేశా. ఆ ఫైల్‌లో బస్ స్పీడ్ చేత్తో రాసి ఉంది. 10 కోట్ల హెర్ట్జ్, అంటే 100 మెగాహెర్ట్జ్. ఈ చిప్‌కి అది సరైన సంఖ్యే. కాబట్టి అనుమానం రాలేదు.

ఇంకో తప్పు కూడా చేశా. చాలా గైడ్లలో ఉండే మొదటి సలహా ‘ముందు బయోస్‌ని డీఫాల్ట్‌కి తీసుకురండి’ అని. ‘నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం’ అని దాటేశా. సెకండ్ హ్యాండ్ మెషీన్ కదా, పాత ఓనర్ అందులో ఏం మార్చాడో చూడనే లేదు.

నెట్ పని చేయలేదు. ఆ బోర్డు మీదున్న ల్యాన్ చిప్‌కి సరైన డ్రైవర్ పెట్టే తీరిక నాకు లేదు. ఎక్స్‌కోడ్‌ని ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా. శనివారం రాత్రి 11:40కి మెషీన్ ఆన్ చేసి, మళ్లీ ఆఫ్ చేయకుండా ఆదివారం రాత్రి దాకా పని చేశా. తర్వాత కథ మీకు తెలుసు.

“ఖరాబు కాలె.. లెక్క తప్పింది”

మర్నాడు పొద్దున బాపుతో పాటు డబ్బాకు పోయి జరిగింది చెప్పా. ఆయన చేతిలో ఓ పాత హెచ్‌ఎంటీ వాచీ ఉంది. తలెత్తకుండానే అడిగాడు.

“ఎంత ముంగట పోతుంది?”

“నిన్న 43 నిమిషాలు.”

“ఎన్ని గంటల్ల?”

లెక్కేస్తే సరిగ్గా 24 గంటలు. “రోజూ ఒక్కతీరుగనే పోతుందా, ఓపాలి ఎక్కువ ఓపాలి తక్కువనా?” అని మళ్లీ అడిగాడు. తెలియదన్నా.

“అది చూడు ముందుగాల. ఒకపాలి ఎక్కువ ఒకపాలి తక్కువ పోతే లోపల ఏదో ఖరాబైనట్టు. రోజూ ఒక్కతీరుగ పోతే మంచిగనే ఉన్నట్టు. ఖరాబు కాలె, లెక్క తప్పింది. సరిచేస్తే సరిపోతది” అంటూ వాచీ లోపల సన్నటి ముల్లును పిసరంత జరిపాడు. తాళం ఇచ్చి నడిపే వాచీల్లో ఫాస్ట్, స్లో అని గుర్తులుండే ముల్లు అది.

ఇంటికొచ్చి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టా. గంట గడిచేసరికి కంప్యూటర్ గడియారం 108 సెకన్లు ముందుంది. రెండో గంటకి ఇంకో 108. మూడో గంటకీ అంతే. ఒక్కతీరుగనే పోతోంది!

3,600 సెకన్లకి 108. అంటే సరిగ్గా 3 శాతం. ఆ 3 ఎక్కడి నుంచి వచ్చింది? రీస్టార్ట్ చేసి మొదటిసారి బయోస్‌ని మొత్తం తీరిగ్గా చదివా. దొరికింది. ‘బేస్ క్లాక్’ అన్నచోట 100కి బదులు 103 ఉంది. పాత ఓనర్ ఎవరో గేమ్స్ కోసం మెషీన్‌ని కొంచెం ఉరికిద్దామని పెట్టుకున్నాడు.

3 శాతం ఏం చేసిందంటే..

ప్రాసెసర్ స్పీడ్ ఒక చిన్న గుణకారం. బేస్ క్లాక్ ఇంటూ మల్టిప్లయర్. నా చిప్ మల్టిప్లయర్ 32. మామూలుగా 100 ఇంటూ 32.. 3,200 మెగాహెర్ట్జ్. నా బయోస్‌లో 103 ఇంటూ 32.. 3,296.

ఇప్పుడు మ్యాక్ ఓఎస్ కెర్నల్ టైం ఎలా లెక్కిస్తుందో చూడండి. ప్రాసెసర్‌లో టిక్కులు లెక్కపెట్టే ఓ కౌంటర్ ఉంటుంది. సెకనుకు ఎన్ని టిక్కులో తెలిస్తే టైం తెలిసినట్టే. ఆ సంఖ్య కోసం కెర్నల్ బూట్‌లోడర్ చెప్పిన బస్ స్పీడ్‌ని, చిప్ చెప్పిన మల్టిప్లయర్‌తో గుణిస్తుంది. నా బూట్‌లోడర్ ‘100’ అని చెప్పింది. కాబట్టి 320 కోట్ల టిక్కులైతే ఒక సెకను అని కెర్నల్ నమ్మింది. కానీ చిప్ నిజంగా సెకనుకు దాదాపు 330 కోట్ల టిక్కులు కొడుతోంది. అంటే సెకను నిండకముందే కెర్నల్ ‘సెకను అయిపోయింది’ అంటోంది. గంటకు 108 సెకన్లు. రోజుకు 43 నిమిషాలు.

రీస్టార్ట్ చేసినప్పుడల్లా టైం ఎందుకు సరిపోయేదో కూడా అప్పుడే అర్థమైంది. మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీతో నడిచే చిన్న గడియారం వేరే ఉంటుంది. అందులో ఉండేది బాపు దగ్గర క్వార్ట్జ్ వాచీల్లో ఉండే రకం స్ఫటికమే. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. బేస్ క్లాక్‌తో దానికి సంబంధం లేదు. బూట్ అయ్యేటప్పుడు మ్యాక్ ఓఎస్ దాన్ని చూసి మొదలుపెట్టి, తర్వాత సొంత లెక్క మీద పోతుంది. నెట్ ఉంటే సర్వర్ చూసి సరిచేసుకునేది. నాకు నెట్ లేదు కాబట్టే గుట్టు బయటపడింది.

(విండోస్, మ్యాక్ రెండూ పెట్టుకుంటే ఐదున్నర గంటల తేడా వస్తుంది. అది వేరే గొడవ. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ మన లోకల్ టైంగా చూస్తుంది, మ్యాక్ గ్రీనిచ్ టైంగా చూస్తుంది. ముందు నేనూ ఇదే అనుకున్నా. కానీ 43 నిమిషాలు ఆ లెక్కకు అతకదు.)

సరిచేయడానికి రెండు దారులు. బూట్‌లోడర్‌లో 103 అని నిజం చెప్పడం, లేదా బయోస్‌లో 100కి దించడం. నేను రెండోదే చేశా. ఈ తరం చిప్‌లలో బేస్ క్లాక్ పెంచితే గ్రాఫిక్ కార్డు దారి లాంటివి కూడా దాంతో పాటే వేగం మారతాయి. కొంచెం ఎక్కువైతే మెషీన్ మొరాయిస్తుంది. దక్కేది 3 శాతం. దానికోసం ఇంత రిస్కా? 100 పెట్టి సేవ్ చేశా. గంట తర్వాత చూస్తే ఫోన్, కంప్యూటర్, గోడ గడియారం.. మూడూ ఒకే మాట.

ఇదేమీ నాకొక్కడికే ఎదురైన కొత్త విషయం కాదు. హ్యాకింటాష్ తొలి రోజుల్లో కెర్నల్‌కి మల్టిప్లయర్ తెలియక బూట్ ఆగిపోతే, ‘బస్‌రేషియో ఈక్వల్స్ ఇంత’ అని ఆన్ చేసిన ప్రతిసారీ చేత్తో టైప్ చేసేవాళ్లట! ఇప్పటి బూట్‌లోడర్లు వదిలేస్తే వాటంతటవే కొలుచుకుంటాయి. నేను దింపిన ఫైల్‌లో ఆ ఆటోమేటిక్ ఆప్షన్ ఆపేసి ఉంది. కాపీ కొట్టేముందు చదవాలన్న బుద్ధి అప్పుడొచ్చింది.

“ఏ మ్యాక్ మీద చేశావ్?”

వారం తర్వాత వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. కోడ్ గురించి అరగంట అడిగాక, ఆయన మామూలుగా అడిగారు: “ఏ మ్యాక్ వాడావ్?”

ఒక్క క్షణం గొంతు తడారింది. ‘ఫ్రెండ్‌ది’ అనేయొచ్చు. కానీ నిజమే చెప్పా. గడియారం కథ కూడా చెప్పా. ఆయన నవ్వారు. తర్వాత సీరియస్‌గానే ఒక మాట అన్నారు. నేర్చుకోవడం వరకు సరే, కంపెనీ పని మాత్రం అలాంటి మెషీన్ మీద చేయకూడదని.

ఆయన అన్నది కరెక్టే. మ్యాక్ ఓఎస్ లైసెన్సులో ‘యాపిల్ బ్రాండ్ కంప్యూటర్ల మీదే వాడాలి’ అని స్పష్టంగా ఉంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో సైస్టార్ అనే కంపెనీ 2008లో మ్యాక్ ఓఎస్ వేసిన పీసీలను ఏకంగా అమ్మకానికే పెట్టింది. యాపిల్ కోర్టుకెళ్లింది. 2009లో తీర్పు యాపిల్ వైపే వచ్చింది. 2011లో అప్పీలు కోర్టూ దాన్నే సమర్థించింది. అందుకే ‘మీరూ చేసేయండి’ అని నేను చెప్పట్లేదు.

చెప్పినా ఇప్పుడు పెద్దగా లాభం లేదు. 2020లో యాపిల్ ఇంటెల్‌ని వదిలి సొంత చిప్‌లకు మారింది. ఇంటెల్ మ్యాక్‌ల మీద నడిచే చివరి వెర్షన్ మ్యాక్ ఓఎస్ 26 టాహో అని 2025 జూన్‌లో ప్రకటించేసింది. నా మెషీన్ కథ అంతకన్నా ముందే ముగిసింది. 2024 ఏప్రిల్ చివరి నుంచి యాప్ స్టోర్‌కి పంపే యాప్‌లు ఎక్స్‌కోడ్ 15తో చేసి ఉండాలన్నారు. దానికి మాంటెరే తర్వాత వచ్చిన వెంచురా కావాలి. నా ఐ5లోని గ్రాఫిక్స్‌కి యాపిల్ సపోర్ట్ మాంటెరేతోనే ఆగిపోయింది.

మ్యాక్ లేకుండా నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇప్పుడు వేరే దారులున్నాయి. ఫ్లట్టర్ లాంటివి నేర్చుకుంటే కోడ్ అంతా విండోస్‌లోనే రాసుకోవచ్చు. ఐఫోన్ కోసం బిల్డ్ చేసే ఒక్క పనినీ నెట్‌లో ఉన్న మ్యాక్‌కి అప్పగించొచ్చు. మీ ప్రాజెక్టు అందరికీ కనిపించేలా పెడితే గిట్‌హబ్ తన మ్యాక్ సర్వర్ల మీద ఉచితంగా బిల్డ్ చేసిపెడుతుంది. లైసెన్సు తంటా లేదు, రాత్రుళ్లు జాగారమూ లేదు.

ఇంతకీ ఇంటర్న్‌షిప్ వచ్చిందా? వచ్చింది. కంపెనీయే మ్యాక్‌బుక్ ఇచ్చింది. బాపు చిట్టి అనుకున్న పనికే పోయింది. ఇప్పుడు వాన పడితే వెనక గదిలో గిన్నెలు పెట్టే పని లేదు.

ఆ పాత మెషీన్‌లో ఇప్పుడు లైనక్స్ వేశా. బాపు డబ్బాలో ఉంది. పక్క దుకాణాల పిల్లలు వచ్చి టైపింగ్ నేర్చుకుంటారు. పొద్దున దాన్ని ఆన్ చేయగానే బాపు ముందుగా దాని టైం చూస్తాడు. తర్వాత తన చేతి వాచీ చూసుకుంటాడు. “ఇయ్యాల మంచిగనే ఉన్నది” అని తలూపి, భూతద్దం తగిలించుకుని పనిలో పడతాడు.